ఎనిమిది బిట్ల వారసత్వం

పెన్‌డ్రైవ్‌లోకి ఒక చలనచిత్రాన్ని నకలు చేస్తున్నప్పుడు సమాచారమంతా ఒకే ప్రవాహంగా సాగిపోతున్నదని మనం భావిస్తాం. నిజానికి అది కళ్లం నుండి గాదెకు ధాన్యం చేరవేసినట్లు విడతలు విడతలుగా సాగుతుంది. ఒక్కో విడతలో ఎంత పంపాలో నిర్ణయించేది డ్రైవర్. ఇక్కడ డ్రైవర్ అంటే బండి తోలే మనిషి కాదు. కంప్యూటర్‌కూ నిల్వ పరికరానికీ నడుమ దుబాసీగా వ్యవహరించే ప్రోగ్రామ్.

ప్రతి విడతకూ కొంత లాంఛనం ఉంటుంది. సాధారణమైన పెన్‌డ్రైవ్‌కు కంప్యూటర్ ముందుగా 31 బైట్ల ఆజ్ఞను పంపుతుంది. తరువాత సమాచారం వెళుతుంది. చివరకు పరికరం 13 బైట్ల రసీదును తిరిగి పంపుతుంది. ఆ రసీదు అందనిదే రెండవ ఆజ్ఞ బయలుదేరదు. బైట్ల లెక్కలో ఇది స్వల్పమే. అసలు ఖర్చు నిరీక్షణలో ఉంది. 1 గిగాబైట్ సమాచారాన్ని 32 కిలోబైట్ల చొప్పున పంపితే 32,768 విడతలు అవసరమవుతాయి. 120 కిలోబైట్ల చొప్పున అయితే సుమారు 8,738. ఒక మెగాబైట్ చొప్పున అయితే 1,024 చాలు. బండి పెద్దదైతే తిరుగుళ్లు తగ్గుతాయన్న సంగతి రైతుకు కొత్తది కాదు.

ఈ 120 అన్న సంఖ్య ఎవరో ఊహించి పెట్టినది కాదు. లినక్స్ వ్యవస్థలో యూఎస్‌బీ నిల్వ పరికరాలకు విడతకు 240 సెక్టార్లు అన్నది సాధారణ పరిమితి. సెక్టారుకు 512 బైట్లు కనుక అది 120 కిలోబైట్లవుతుంది. దీని మూలం పాత ఐడీఈ హార్డ్‌డిస్క్‌లలో ఉంది. ఒక విడతలో ఎన్ని సెక్టార్లు రానున్నాయో వ్రాసుకోవడానికి వాటి కంట్రోలర్‌లో ఎనిమిది బిట్ల గడి మాత్రమే ఉండేది. ఎనిమిది బిట్లతో 256కు మించి లెక్కించడం అసాధ్యం. కొన్ని కంట్రోలర్లు ఆ 256ను కూడా పూర్తిగా మోయలేకపోయేవి. తరువాత హార్డ్‌డిస్క్ ప్రమాణం మారి గడి పదహారు బిట్లకు పెరిగింది. విడతకు 65,536 సెక్టార్లు, అంటే 32 మెగాబైట్లు పంపే వీలు కలిగింది. అయినా పాత చిప్‌ల బలహీనత యూఎస్‌బీ పరికరాలకు సంక్రమించడం వలన డ్రైవర్ రచయితలు 240 దగ్గరే ఆగారు. 64 సెక్టార్లకే తడబడే పరికరాలు కూడా ఉన్నాయి. వాటిని డ్రైవర్‌లో పేరుపేరునా నమోదు చేసి ఉంచారు. విండోస్ 7 మరింత జాగ్రత్తపడి 128 సెక్టార్లకే పరిమితమైంది. యూఎస్‌బీ 3 పరికరాలకు మాత్రం లినక్స్ 2,048 సెక్టార్ల వరకు అనుమతిస్తుంది. ఒక దుర్బలుడి నడకకు ఊరేగింపు అంతా అడుగు కలిపినట్లుంది ఈ వ్యవహారం!

అలాగని పరిమితిని ఎత్తివేస్తే వేగం తప్పక పెరుగుతుందనుకోరాదు. లినక్స్‌లో ఇతర డిస్క్‌లకు చాలాకాలం 512 కిలోబైట్ల పరిమితి ఉండేది. దానిని తొలగించిన తరువాత కొన్ని రకాల పనులలో వేగం తగ్గినట్లు పరీక్షలలో తేలింది. 2015లో ఆ పరిమితిని పునరుద్ధరించి, ఆ వెంటనే 1,280 కిలోబైట్లకు పెంచారు. పది డిస్క్‌లను జతచేసి ఒక్కొక్కదానికి 128 కిలోబైట్లు పంచితే అయ్యే మొత్తం అదే. విడత మరీ పెద్దదైతే దాని వెనుక నిలిచిన చిన్న విన్నపాలు ఎక్కువసేపు వేచి ఉండాలి. కూలినవాడు నడుం విరిగితే బరువంతా దారిలోనే పడినట్లు, విడత మధ్యలో పొరపాటు జరిగితే ఆ విడతనంతా మళ్లీ పంపవలసి ఉంటుంది.

లినక్స్‌లో ప్రతి డిస్క్‌కూ రెండు సంఖ్యలు కనిపిస్తాయి. ఒకటి పరికరమూ డ్రైవరూ కలిసి భరించగల గరిష్ఠం. రెండవది ప్రస్తుతం వాడుతున్నది. రెండవదానిని మొదటిదానికి లోబడి మార్చుకోవచ్చు. యూఎస్‌బీ డ్రైవర్‌లో 240ని పెంచుకునే ఏర్పాటు కూడా ఉంది. అయితే ఉన్న ఒక్క ప్రతి గల డిస్క్‌పై ఈ ప్రయోగం చేయడం తెలివితక్కువ పని. ఖాళీ పరికరంలోకి ఒక పెద్ద ఫైల్‌ను 240తో, 512తో, 1,024తో నకలు చేసి కాలం కొలవాలి. అంతకన్నా ముఖ్యంగా, వ్రాసిన ఫైల్‌ను తిరిగి చదివి మూలంతో సరిపోల్చాలి. భారం ఎక్కువైన పరికరం కొన్నిసార్లు నడిమధ్య మౌనం వహిస్తుంది. కంప్యూటర్ దానిని రీసెట్ చేస్తుంది. ఫైల్ సగంలో నిలిచిపోతుంది. అలా మారిన విలువ శాశ్వతం కాదు. పరికరాన్ని తీసి మళ్లీ పెట్టగానే డ్రైవర్ తన పాత 240తోనే పని మొదలుపెడుతుంది.