పాట ఊరు దాటాలి... కట్టినవారి పేరూ దాటాలి!

భీమవరం: ఊడ్పుల చేలో, చేపల చెరువు గట్టు మీద, కోలాటం చెక్కల చప్పుడులో, మావుళ్లమ్మ వారి ఉత్సవాల పందిట్లో ఎక్కడో ఒకచోట కొత్త పాట పుడుతూనే ఉంటుంది. పాట కట్టగలవారు ఒక్కరైనా లేని ఊరు ఈ ప్రాంతంలో అరుదు. ఇదివరకు అలాంటి పాట పక్క ఊరి తీర్థం దాకా వెళితే గొప్ప. ఇప్పుడు సెల్‌ఫోన్ పుణ్యమా అని, రాత్రి ఆకివీడులో పాడిన పాట తెల్లారేసరికి అమెరికాలో ఉన్న మనవాళ్ల చెవిన పడుతోంది. దీన్నే 'వైరల్' కావడం అంటున్నారు.

సినిమా అండ లేకుండా, డబ్బు సంచులు లేకుండా సొంతంగా పాటలు రాసుకునేవారికి ఇది సాధ్యమేనా? సాధ్యమే. అయితే పాట వెళ్లినంత దూరం దాన్ని కట్టినవారి పేరు వెళ్లడం లేదు. అసలు చిక్కు అక్కడే ఉంది.

నాడు నోటి నుంచి నోటికి...

పాట ఊరూరా పాకడం గోదావరి జిల్లాలకు కొత్త సంగతి కాదు. రాజమండ్రిలో ఉపాధ్యాయ శిక్షణ చదువు వదిలి సహాయ నిరాకరణోద్యమంలోకి దూకిన గరిమెళ్ల సత్యనారాయణ, 1920 దశకం తొలినాళ్లలో తెల్లవారి పాలన మీద ఒక పాట కట్టారు. అప్పటికి రేడియో లేదు. సభల్లో, ఊరేగింపుల్లో జనం నోటనే ఆ పాట ఆంధ్రదేశమంతా తిరిగింది. దొరలు కంగారుపడి కవిని జైలుకు పంపారు.

ఏలూరులో వకీలుగా పనిచేసిన నండూరి వెంకట సుబ్బారావు 'ఎంకి పాటలు' 1925లో పుస్తకంగా వచ్చాయి. అది పల్లెటూరి భాష అని కొందరు పండితులు ముఖం చిట్లించారు. జనం మాత్రం ఎంకినీ, నాయుడు బావనూ తమ ఊరి మనుషుల్లా కలుపుకున్నారు. వాడుక మాట, నోట తేలిగ్గా పలికే నడక, అందరికీ తెలిసిన బతుకు - నాడు పాటను నడిపించినవి ఈ మూడే. నేడు ఫోనులో నడిపిస్తున్నవీ ఇవే.

వడిసలేరు గొంతు

తూర్పుగోదావరి జిల్లా వడిసలేరుకు చెందిన పసల బేబి సంగతి ఈ ప్రాంతం వారు మరచిపోలేదు. కూలి పనులు చేసుకునే ఆమె, 1994 నాటి 'ప్రేమికుడు' సినిమాలోని ఒక పాట పాడగా ఎవరో ఫోనులో తీశారు. 2018 నవంబరులో అది లక్షల మందికి చేరింది. సంగీత దర్శకులు కోటి, రఘు కుంచె వంటివారు ఆమెను పిలిచారు. స్టూడియో లేదు, వాయిద్యాలు లేవు. మాట స్పష్టంగా వినబడింది, గొంతులో నిజం పలికింది. అంతే!

పాటలు రాసేవారికి ఇందులో పాఠం ఉంది. ఖరీదైన వీడియో కోసం అప్పు చేయనక్కర్లేదు. గాలి హోరు, మోటారు చప్పుడు లేని గదిలో, మంచి గొంతు చేత, మాట మాట తెలిసేలా పాడించి తీస్తే మొదటి మెట్టు ఎక్కినట్టే.

నాలుగు నెలలు ఆగిన బండి

రెండో ఉదాహరణ 'బుల్లెట్టు బండి' పాట. లక్ష్మణ్ రాయగా, ఎస్.కె. బాజి స్వరపరచగా, ఏలూరులో పుట్టిన మోహన భోగరాజు పాడారు. ఇది సినిమా పాట కాదు. 2021 ఏప్రిల్‌లో విడుదలైంది. ఆగస్టులో మంచిర్యాల జిల్లాలో ఒక పెళ్లికూతురు బరాత్‌లో పెళ్లికొడుకు ఎదుట ఈ పాటకు ఆడింది. ఆ వీడియో పాకిపోయింది. ఆ తరువాత ఈ పాట మోగని పెళ్లి లేదన్నంత పనైంది.

ఆ నాలుగు నెలల్లో పాట ఏమీ మారలేదు. పెళ్లికూతురే పెళ్లికొడుకుతో చెప్పుకునే పాట కాబట్టి, ఏ పెళ్లికూతురైనా దాన్ని తనదిగా చేసుకోవడానికి వీలు కుదిరింది. వినేవారు 'బాగుంది' అని ఊరుకునే పాట ఒకటి, 'ఇది నేనూ ఆడతాను, పాడతాను' అనిపించే పాట మరొకటి. పాకేది రెండోదే.

ఏం చేయాలి?

పాటను ఆన్‌లైన్‌లో పెట్టబోయేవారు ఈ జాగ్రత్తలు పాటించడం మంచిది.

మొదటిది, పల్లవి తొందరగా రావాలి. ఫోనులో వేలితో పాటలు జరుపుకుంటూ పోయేవాడు అర నిమిషం వాయిద్యం విని ఆగడు. పదిహేను, ఇరవై సెకన్లలో ముగిసే ముక్క, దానికదే అర్థమయ్యేది, నలుగురూ అభినయించగలిగేది పాటలో ఒకటి ఉండాలి. రీల్స్‌కూ, షార్ట్స్‌కూ ఆ ముక్కనే ఇవ్వాలి.

రెండోది, అదును. సంక్రాంతి పాట భోగి నాడు పెడితే లాభం లేదు. మూడు వారాల ముందే జనంలో పడాలి. మాఘమాసం పెళ్లిళ్ల పాట ముహూర్తాలకు ముందే సిద్ధం కావాలి. నారుమడి ముదిరాక నాట్లు వేస్తే ఏమవుతుందో రైతుకు చెప్పనక్కర్లేదు కదా!

మూడోది, ఇంట గెలిచి రచ్చ గెలవాలి. ఊరి కోలాటం బృందానికి, బ్యాండు మేళానికి, బడి వార్షికోత్సవానికి పాట ముందుగా ఇవ్వాలి. వారు ఆడిన వీడియోలే తొలి విత్తనాలు. ఎవరు ఆడినా వారి వీడియోను మెచ్చుకుని, తమ ఖాతాలోనూ చూపించాలి.

నాలుగోది, బాణీ సొంతదై ఉండాలి. సినిమా పాట వరసకు మాటలు మార్చి పాడటం పల్లెల్లో అలవాటు. ఊరి వేదిక మీద ఎలా సాగినా, ఆన్‌లైన్‌లో అది కుదరదు. యూట్యూబ్‌లోని 'కంటెంట్ ఐడీ' అనే యంత్రాంగం పాత పాటను పోల్చి పట్టుకుంటుంది. అప్పుడు వచ్చే ఆదాయం సినిమా పాట హక్కుదారులకు పోవచ్చు, లేదా వీడియోనే ఆగిపోవచ్చు.

అయిదోది, అన్నీ ఒకే గంపలో పెట్టరాదు. 2020 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు, అక్కడే సర్వస్వం పెట్టుకున్నవారు ఒక్క రోజులో దిక్కుతోచక నిలబడ్డారు. పాట నాలుగైదు చోట్ల ఉండాలి. మూలప్రతి ఇంట్లో భద్రంగా ఉండాలి.

డబ్బులిస్తే వేల మంది చూసినట్టు లెక్క చూపిస్తామని చెప్పేవారు కూడా తయారయ్యారు. అలాంటి దొంగ లెక్కలను యూట్యూబ్ తీసివేస్తుంది. ఖాతాకే ముప్పు రావచ్చు. సొంత చానల్‌లో ప్రకటనల ఆదాయం రావాలంటే వెయ్యి మంది చందాదారులు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలనేది ప్రధాన నిబంధన. కనుక ఒక్క పాటతో మేడలు కట్టవచ్చునన్న ఆశ కూడదు.

పాట తిరిగింది, మనిషి మిగిలాడు

పశ్చిమ బెంగాల్ బీర్భూమ్ జిల్లాలో వేరుసెనగ కాయలు అమ్ముకునే భువన్ బద్యాకర్, తన బేరం కోసం కట్టుకున్న పాట 'కచ్చా బాదాం'. 2021లో ఎవరో దాన్ని ఫోనులో తీసి పెట్టారు. 2022 నాటికి దేశదేశాల వారు దానికి ఆడారు. తీరా 2023లో, తన పాట తానే పాడుకోవడానికి అడ్డంకి వచ్చిందని, చదవలేని కాగితం మీద సంతకం పెట్టానని ఆయన వాపోయారు.

మన దగ్గర 2021లో 'లవ్‌స్టోరీ' సినిమా కోసం సుద్దాల అశోక్‌తేజ రాసిన 'సారంగదరియా' వచ్చినప్పుడు, ఆ జానపదాన్ని తాను తన అమ్మమ్మ దగ్గర నేర్చుకుని ముందే టీవీలో పాడానని గాయని కోమలి ముందుకొచ్చారు. చివరకు ఆమె పేరు వేస్తామని దర్శకుడు శేఖర్ కమ్ముల ప్రకటించారు. పాత పాట ఎవరి సొత్తూ కాకపోవచ్చు. కానీ ఎవరి నోట విన్నదీ, ఏ ఊళ్లో సేకరించినదీ రాయడం మర్యాద. రాసి ఉంచుకోవడం రక్షణ కూడా.

చట్టం ఏమంటోంది?

1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం పాట రాసిన క్షణం నుంచే దాని మీద రచయితకు హక్కు ఉంటుంది. రచయిత బతికినంత కాలం, ఆ తరువాత మరో 60 ఏళ్లు అది నిలుస్తుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కానీ తగాదా వస్తే రుజువుగా పనికొస్తుంది. రచనకు గానీ, సంగీతానికి గానీ రుసుము ఒక్కొక్కదానికి 500 రూపాయలు.

2012లో వచ్చిన సవరణ పాటల రచయితలకు పెద్ద అండ. హక్కులు అమ్ముకున్నా, పాట వాడకం మీద వచ్చే రాయల్టీలో రచయిత వాటాను రాయించుకుపోవడానికి వీల్లేదు. ఆ వాటా వారసులకు గానీ, హక్కుల సంఘానికి గానీ మాత్రమే ఇవ్వవచ్చు. రాయల్టీ వసూలు చేసి రచయితలకు, సంగీతకర్తలకు పంచే ఐ.పి.ఆర్.ఎస్. అనే సంఘం 1969 నుంచి ఉంది. అందులో సభ్యులై పాటలు నమోదు చేయించుకోవాలి. అడగనిదే అమ్మైనా పెట్టదు కదా!

విడుదలకు ముందే తెల్లకాగితం మీద ఒప్పందం రాసుకోవాలి. మాట ఎవరిది, బాణీ ఎవరిది, గొంతు ఎవరిది, వీడియో ఎవరిది, ఎవరికెంత వాటా, చానల్ ఎవరి పేర ఉంటుంది - ఇవన్నీ అందులో ఉండాలి. స్నేహితులం కదా అని ఊరుకుంటే పాట పాకాక స్నేహమే పోతుంది. 'సమస్త హక్కులూ, శాశ్వతంగా' అన్న మాట కనబడితే ఆగి, వకీలుకు చూపించాలి. గడువు రాయని హక్కుల బదిలీ అయిదేళ్లకే చెల్లుతుందని చట్టంలో ఉంది. అందుకే కాగితంలో గడువు ఏమని రాశారో చదివించుకుని మరీ సంతకం పెట్టాలి.

పేరు జారకుండా...

వీడియో కింద రాసిన పేరు వాట్సాప్‌లో చేతులు మారేసరికి రాలిపోతుంది. కాబట్టి రచయిత పేరు, ఊరు పేరు బొమ్మ మీదనే కనబడాలి. పంపిణీ సంస్థల ద్వారా పాటను రీల్స్, షార్ట్స్ పాటల జాబితాల్లో చేర్పించవచ్చు. ఇచ్చేటప్పుడే రాసినవారి, స్వరపరచినవారి, పాడినవారి పేర్లు తప్పులేకుండా నమోదు చేయాలి. అప్పుడు ఎవరు ఆ పాటకు ఆడినా అసలు పాటకు దారి కనబడుతుంది. పాత పల్లెపాటలు కట్టినవారు కొందరు చివరి చరణంలో తమ పేరో, ఊరి దేవుడి పేరో పెట్టేవారు. ఆ పద్ధతి నేటికీ పనికొస్తుంది.

గరిమెళ్ల పాట లక్షల గొంతుల్లో మోగింది. ఆయన మాత్రం 1952లో మద్రాసులో కటిక పేదరికంలో కన్నుమూశారు. ఆనాడు పాటను లెక్కగట్టే యంత్రం లేదు, కవికి వాటా ఇచ్చే చట్టం లేదు. ఈనాడు రెండూ ఉన్నాయి. ఇక పాట కట్టేవారు కలంతోపాటు కాగితం కూడా సరిచూసుకుంటే, వారి ఊరి పేరు కూడా పాటతోపాటే నలుదిక్కులా వినబడుతుంది.