జావా గ్రామ జీవనం

జావా గ్రామం ఇండోనేషియాలోని జావా ద్వీపంలో గ్రామీణ సమాజానికి ఆధారమైన వ్యవస్థ. దీనిని అక్కడ "దెసా" అని పిలుస్తారు. ఈ పదం సంస్కృతంలోని "దేశ" శబ్దం నుండి వచ్చినది. వరి ఇక్కడి ప్రధాన పంట. జావా పల్లెలో పొలం ఎవరి పేరున ఉన్నదో తెలిసినంత మాత్రాన సగం సంగతే తెలిసినట్లు. ఆ పొలంలో పండిన ధాన్యంలో ఎవరెవరికి పాలు దక్కుతుంది అన్నది మిగిలిన సగం. గత రెండు వందల సంవత్సరాలలో ఈ పల్లెల చరిత్ర చాలావరకు ఆ పాలు కుదించుకుపోయిన చరిత్రే.

నేల, జనం

జావా వైశాల్యం సుమారు 1,29,000 చదరపు కిలోమీటర్లు. ఇది ఇండోనేషియా భూభాగంలో 7 శాతం మాత్రమే. కానీ 2020 జనగణన ప్రకారం దేశ జనాభాలో 56 శాతం, అనగా 15 కోట్లకు పైగా ప్రజలు ఈ ద్వీపంలోనే ఉన్నారు. 1815లో బ్రిటిషు పాలకుడు రాఫెల్స్ చేయించిన లెక్కలో జావా, మదురా ద్వీపాల జనాభా 46 లక్షలు. 1930 నాటికి అది 4 కోట్లు దాటినది. ఇంత జనాన్ని ఈ నేల పోషించగలగడానికి ముఖ్య కారణం అగ్నిపర్వతాలు. అవి వెదజల్లిన బూడిద వలన నేల సారవంతమైనది. అవే ప్రాణాలూ తీస్తాయి. 2010లో మెరాపి పర్వతం బద్దలైనప్పుడు 350 మందికి పైగా మరణించారు.

గ్రామపు భూమి మూడు రకాలు. నీరు పారే మాగాణిని "సవాహ్" అంటారు. కొండవాలులలో ఇది మెట్లు మెట్లుగా ఉంటుంది. వర్షాధారమైన మెట్ట పొలం "తెగలన్". ఇక్కడ మొక్కజొన్న, కర్రపెండలం, వేరుశనగ పండిస్తారు. ఇంటి చుట్టూ ఉండే పెరడు "పెకరంగన్". బయటివారికి ఇది చెట్ల గుంపులా కనిపిస్తుంది గాని, నిజానికి ఎంతో లెక్కతో పెంచినది. పైన కొబ్బరి, దాని కింద పనస, అరటి, బొప్పాయి, ఇంకా కింద అల్లం, పసుపు, దుంపలు, వాటి మధ్య కోళ్ళు ఉంటాయి. మాగాణి ఏమాత్రం లేని కుటుంబానికి కూర, పండు, వంటచెరకు, కాస్త రొక్కం ఇచ్చేది ఈ పెరడే.

గ్రామ పాలన

గ్రామ పెద్దను "లురాహ్" అని, కరణం వంటి ఉద్యోగిని "చరిక్" అని, కాలువ నీటిని వంతుల ప్రకారం పంచేవాడిని "ఉలు-ఉలు" అని అంటారు. మన నీరటికాడు చేసే పని ఇదే. వీరికి జీతానికి బదులుగా గ్రామ భూమిలో కొంత ఇచ్చేవారు. "బెంగ్కొక్" అనబడే ఈ భూమి మన మాన్యం వంటిది. పదవి ఉన్నంతకాలమే దానిపై హక్కు. 2014లో వచ్చిన గ్రామ చట్టం ఈ ఉద్యోగులకు స్థిరమైన వేతనం ఏర్పరచినది. 2015 నుండి కేంద్ర ప్రభుత్వం గ్రామాలకు ప్రత్యేక నిధులు ఇస్తున్నది. అయినా అనేక చోట్ల బెంగ్కొక్ కొనసాగుతూనే ఉన్నది.

పూర్వం ఇల్లూ పొలమూ రెండూ ఉండి, గ్రామానికి శ్రమదానం చేయవలసిన బాధ్యత గల గృహస్థును "కులి కెన్చెంగ్" అనేవారు. మన చెవికి "కూలి" అని వినిపించే ఈ మాట అక్కడ గ్రామంలో పూర్తి హక్కులు గలవాడిని సూచించడం గమనించదగినది. ఇతరుల పెరడులో గుడిసె వేసుకొని బ్రతికేవారికి ఆ హక్కులు లేవు.

వారసత్వంలో కుమార్తెలకూ భూమి వస్తుంది. కొందరు సమానంగా పంచుతారు. మరికొందరు కుమారునికి రెండు వంతులు, కుమార్తెకు ఒక వంతు ఇస్తారు. కుమారుడు కావడితో రెండు బరువులు మోస్తాడు, కుమార్తె వీపున ఒక మూట మోస్తుంది అని దీనికి ఉపమానం చెబుతారు. ఏ పద్ధతిలో పంచినా తరతరానికీ కమతం చిన్నదవుతుంది.

పంటలో పాలు

భూమి లేనివారు పాలుకు సేద్యం చేస్తారు. పంటను యజమాని, సేద్యగాడు చెరి సగం తీసుకొంటే అది "మరొ". సేద్యగానికి మూడవ వంతు వస్తే "మెర్తెలు", నాల్గవ వంతు వస్తే "మ్రపత్". భూమి కోసం పోటీ పెరిగిన కొద్దీ సేద్యగాని వంతు తగ్గుతుంది.

పాలుకు కూడా పొలం దొరకని వారికి మిగిలినది కోత. జావాలో వరిని కొడవలితో కాక "అని-అని" అనే చిన్న కత్తితో, అరచేతిలో దాచుకొని, ఒక్కొక్క వెన్నునే కోసేవారు. వరిదేవత దేవి శ్రీ బెదరకుండా ఉండాలని అలా కోస్తామని చెప్పేవారు. పాత రకాలలో వెన్నులన్నీ ఒకేసారి పండవు గనుక ఆ పద్ధతి అక్కరకు కూడా వచ్చేది. కోత స్త్రీల పని. అడిగి వచ్చినవారిని కాదనడం మర్యాద కాదు. కోసినదానిలో ఒక భాగం కోసినవారికి చెందుతుంది. ఈ కోతపాలును "బవొన్" అంటారు. నిరుపేద ఇంట్లో కొన్ని నెలల బియ్యం ఇలా వచ్చినదే.

వలస పాలన నుండి 1965 వరకు

1830లో డచ్చి గవర్నరు జనరల్ వాన్ డెన్ బాష్ నిర్బంధ సాగు విధానం ప్రవేశపెట్టాడు. గ్రామ భూమిలో ఐదవ వంతులో నీలిమందు, చెరకు వంటి ఎగుమతి పంటలు వేయాలన్నది నియమం. ఆచరణలో భారం అంతకన్నా ఎక్కువ. 1840ల చివర దెమాక్, గ్రొబొగన్ ప్రాంతాలలో ఘోరమైన కరువు వచ్చినది.

స్వాతంత్ర్యం తరువాత 1960లో వచ్చిన చట్టాలు భూపరిమితిని, న్యాయమైన పాలును నిర్దేశించినవి. జనసాంద్రత మిక్కిలిగా గల ప్రాంతాలలో మాగాణికి పరిమితి 5 హెక్టార్లు. అమలు నత్తనడక నడవడంతో కమ్యూనిస్టు పార్టీకి అనుబంధమైన రైతు సంఘం స్వయంగా భూములను పంచడానికి పూనుకొన్నది. 1965 సెప్టెంబరు 30 ఘటన తరువాత దేశంలో లక్షలాది మంది హత్యకు గురయ్యారు. మధ్య, తూర్పు జావా పల్లెలు మిక్కిలిగా నష్టపోయినవి. ఆ తరువాత అనేక సంవత్సరాల పాటు పల్లెలో భూమి మాట ఎత్తడమే ప్రమాదకరమైనది.

హరిత విప్లవం

1966లో విడుదలైన ఐ.ఆర్.8 వరికి ఒక మాతృక "పెతా" అనే ఇండోనేషియా పొడుగు రకం. 1967లో పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు పండించి వ్యాప్తి చేసిన రకం ఇదే. జావాలో దీనికి "పెతా బారు 8" (కొత్త పెతా) అని పేరు పెట్టారు. దిగుబడులు పెరిగినవి. 1984లో ఇండోనేషియా బియ్యంలో స్వయంసమృద్ధి సాధించినది.

కానీ కొత్త వరి పొట్టిది, ఒకేసారి పండుతుంది, గింజ త్వరగా రాలుతుంది. దానికి కొడవలి తగినది. 1970ల నుండి యజమానులు చేలోనే నిలువు పంటను వ్యాపారికి అమ్మడం పెరిగినది. "తెబసన్" అనబడే ఈ పద్ధతిలో వ్యాపారి కొద్దిమంది కూలీలతో కొడవళ్ళతో కోయించుకుపోతాడు. ఊరి స్త్రీలను కాదనడానికి యజమానికి మొహమాటం, వ్యాపారికి ఆ మొహమాటం లేదు. అదే కాలంలో బియ్యపు మరలు రావడంతో దంపుడు పని కూడా పోయినది. దీనిని ఎదిరించగల రైతు సంఘాలు అప్పటికే లేవు.

పురుగుమందులు విచ్చలవిడిగా వాడటం వలన సుడిదోమ విజృంభించినది. 1986లో ప్రభుత్వం వరిపై 57 రకాల పురుగుమందులను నిషేధించినది. 1989లో మొదలైన రైతు క్షేత్ర పాఠశాలలలో రైతులు మిత్రపురుగులను, శత్రుపురుగులను స్వయంగా గుర్తించడం నేర్చుకొన్నారు. ఆంధ్ర ప్రదేశ్‌లో "పొలంబడి" పేరుతో నడిచిన కార్యక్రమానికి మూలం ఇదే.

చాలినంత అంటే ఎంత?

అమెరికా మానవశాస్త్రవేత్త క్లిఫర్డ్ గీర్ట్జ్ 1963లో, జావా రైతులు ఉన్న కొద్ది పనిని, కొద్ది తిండిని అందరూ పంచుకొంటూ పేదరికాన్ని సమానంగా మోస్తున్నారని వాదించాడు. తరువాతి పరిశోధకులు దీనిని చాలావరకు ఒప్పుకోలేదు. యొగ్యకర్త సమీపంలోని శ్రీహర్జొ గ్రామాన్ని అధ్యయనం చేసి పెన్నీ, మస్రి సింగరింబున్ 1973లో ప్రచురించిన గ్రంథం ఈ విషయంలో విలువైనది. ఆ ఊరివారు "చుకుపన్" (చాలినంత) అని ఒక మాట వాడేవారు. చాలినంత బ్రతుకుకు మాగాణి, పెరడు కలిపి సుమారు ఒక హెక్టారు కావాలని వారి లెక్క. అత్యధిక కుటుంబాలకు ఉన్నది అందులో చిన్న ముక్క మాత్రమే.

అర హెక్టారు కంటే తక్కువ భూమి గల రైతును ఇండోనేషియాలో "గురెమ్" రైతు అంటారు. గురెమ్ అంటే కోడిపేను. వ్యవసాయ గణనల ప్రకారం దేశంలో ఇటువంటి కుటుంబాలు 2013లో సుమారు 1 కోటి 42 లక్షలు ఉండగా, 2023లో సుమారు 1 కోటి 69 లక్షలకు చేరినవి.

నేటి పరిస్థితి

ఇప్పటికీ పుట్టుకకు, పెళ్ళికి, చావుకు ఇరుగుపొరుగును పిలిచి చేసే "స్లమెతన్" విందు ఉన్నది. ఐదు రోజుల వారం ప్రకారం సంతలు జరిగే ఊళ్ళూ ఉన్నాయి. యువకులు మాత్రం నగరాలకు, కర్మాగారాలకు, విదేశాలకు వెళుతున్నారు. మాగాణులు ఇళ్ళకు, రహదారులకు పోతున్నాయి. పంట భూముల రక్షణకు 2009లో ఒక చట్టం చేశారు. అయినా వివాదాలు ఆగలేదు. రెంబాంగ్ వద్ద కెండెంగ్ కొండలలో సిమెంటు కర్మాగారం వస్తే ఊటలు ఎండిపోతాయని, 2016 ఏప్రిల్‌లో తొమ్మిది మంది రైతు స్త్రీలు తమ పాదాలను సిమెంటులో బిగించుకొని జకార్తాలో అధ్యక్ష భవనం ఎదుట కూర్చున్నారు. అదే సంవత్సరం అక్టోబరులో సుప్రీం కోర్టు రైతుల పక్షాన తీర్పు ఇచ్చినది.