పాత పాస్‌వర్డు మరల రానీయవద్దు

మన సంఘములు పెక్కింటిలో నూలు పద్దులు, మజూరీ చెల్లింపులు, సభ్యుల వాటాలు ఇప్పుడు కంప్యూటరునందే యున్నవి. ఆ పద్దులకు తాళము పాస్‌వర్డు. గుమాస్తా మారినప్పుడు గాని, గుట్టు బయటికి పొక్కినదను అనుమానము కలిగినప్పుడు గాని దానిని మార్చుదుము. కాని కొంతకాలము గడచిన పిమ్మట, జ్ఞాపకముంచుకొనుట సులువని, మరల పాతదే పెట్టువారు కలరు. అట్లు చేసినచో, పాత తాళపుచెవి ఎవరి చేతనున్నదో వారికి తలుపు తెరచినట్లే గదా!

దీనిని ఆపు ఏర్పాటు కంప్యూటరులోనే గలదు. విండోసు ప్రొఫెషనల్ రకములో 'లోకల్ సెక్యూరిటీ పాలసీ' అను చోట, పాస్‌వర్డు నియమములలో, వెనుకటి పాస్‌వర్డులను ఎన్నింటిని గుర్తుంచుకొనవలెనో చెప్పవచ్చును. 24 వరకు చెల్లును. విడిగా నున్న కంప్యూటరులో ఈ సంఖ్య మొదట సున్న, మనమే నింపవలెను. లైనక్సులో ఈ పనిని 'పామ్ పి.డబ్ల్యు.హిస్టరీ' అను భాగము చేయును. పద్దుల ప్రోగ్రామునకు వేరుగా పాస్‌వర్డున్నచో, అందు ఇట్టి నియమము కలదేమో అమ్మినవారిని అడుగవలెను.

పాతవన్నియు ఒకచోట నుంచిన దొంగకు దొరకవా యని సందేహము రావచ్చును. యంత్రము మాటను మాటగా దాచదు; లెక్కకట్టి 'హ్యాష్' అను గుర్తుగా మార్చి దాచును. పిండి నుండి బియ్యము తిరిగి రానట్లు, ఆ గుర్తు నుండి మాటను వెనుకకు తీయు దారి లేదు. క్రొత్త మాటను అదే తీరున లెక్కకట్టి, గుర్తు సరిపోలినచో నిరాకరించును.

ఇందు రెండు లోపములున్నవి. మొదటిది: ఒక్కపూటలోనే వరుసగా 24 మార్లు మార్చి, మరల పాతదానికి వచ్చువారుందురు. కావున పాస్‌వర్డుకు కనీసము ఒక దినము వయస్సు నిర్ణయింపవలెను. రెండవది: 'మగ్గము1' తీసి 'మగ్గము2' పెట్టినచో గుర్తు పూర్తిగా మారిపోవును, చరిత్ర దానిని పట్టజాలదు. ఇది మనుష్యుని బుద్ధికే వదలిన పని.

ఇట్టి ఉపాయములకు మూలము తరచుగా మార్పించుటయే. అందుచేతనే అమెరికా ప్రమాణముల సంస్థయగు 'నిస్ట్' 2017లో, గడువు పెట్టి ఊరక మార్పింపవలదనియు, గుట్టు పొక్కినట్లు ఆధారమున్నప్పుడు తప్పక మార్పింపవలెననియు సూచించినది. 2019లో మైక్రోసాఫ్టు సైతము తన భద్రతా సిఫారసులనుండి గడువు నియమమును తొలగించినది.

కావున కార్యదర్శులకు మా మనవి: కారణము లేక మార్పింపకుడు, కారణము కలిగిననాడు జాగు సేయకుడు, ఒకసారి విడిచినదానిని మరల ముట్టకుడు. సభ్యుల కష్టార్జితము ఆ పద్దులలోనే యున్నది.