గొట్టం మారినా గురి మారని తుపాకీ

నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఏ మెషిన్ షాప్‌కి డ్రాయింగ్ పట్టుకెళ్లినా లేత్ మీదున్న అన్న అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఇది దేంట్ల కూసుంటది?" నువ్వు గీసిన ముక్క ఒంటరిగా బతకదు, ఇంకో ముక్కలో కూర్చోవాలి, ఆ రెండోదాని కొలత ఏదీ అని దాని అర్థం. గొట్టాలు మార్చుకునే మజిల్ లోడర్ రైఫిల్ గురించి చదువుతుంటే నాకు పదేపదే ఆ ప్రశ్నే గుర్తొచ్చింది.

లిటరరీ క్లబ్ పత్రికలో తుపాకీ ఏంట్రా అంటారా? కారణం ఉంది. ఉప్పల్‌లో మా రూమ్‌లో ఒకడు "దీన్ని ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్‌గా చేద్దామా? నాచారంలో గొట్టం తిప్పించేద్దాం" అన్నాడు. వాడికి చెప్పిన జవాబే కాస్త పెంచి ఇక్కడ రాస్తున్నా.

మజిల్ అంటే గొట్టం మూతి. ఆ మూతిలోంచే ముందు మందు, తర్వాత గుండు వేసి, పొడుగాటి కడ్డీతో అడుగుదాకా దట్టించాలి. వెనక వైపు మూసే ఉంటుంది. మన ఊళ్లల్లో నాటు తుపాకీ అనేది ఈ జాతిదే. ఎనిమిదో తరగతి సోషల్‌లో చదివిన 1857 తూటాల గొడవ గుర్తుందా? ఆ తూటాలు 1853 మోడల్ ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌వి, అది మజిల్ లోడరే. కాగితం తూటాని పళ్లతో కొరికి మందు గొట్టంలో పోయాలి కాబట్టే దానికి పూసిన కొవ్వు ఏ జంతువుది అన్నది అంత పెద్ద విషయమైంది. అదే ఏడాది జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్‌ల ఆధ్వర్యంలో మన కోఠీ రెసిడెన్సీ మీద దాడి జరిగింది.

ఇంకా వెనక్కి వెళ్తే అబిడ్స్ దగ్గరి గన్‌ఫౌండ్రీ. నిజాం కొలువులో ఉన్న ఫ్రెంచ్ సేనాని రేమండ్ 1795లో పెట్టించిన ఫిరంగుల కార్ఖానా అది. మూసారాంబాగ్ పేరు ఆయన మీదే వచ్చిందంటారు. ఆ కాలపు తుపాకీ ఏదైనా ఆకురాయితో రుద్ది రుద్ది కూర్చిందే. ఒకదాని భాగం ఇంకోదానికి పట్టదు. విరిగితే పనివాడు మళ్లీ కూర్చుని కొత్తది రుద్దాలి. సరిగ్గా పదేళ్ల ముందు, 1785లో, పారిస్‌లో ఒనొరే బ్లాంక్ అనే తుపాకుల పనివాడు థామస్ జెఫర్సన్‌కి ఒక వింత చూపించాడు. తుపాకీ పేల్చే లాక్ భాగాల్ని కుప్పలుగా పోసి, ఏది చేతికొస్తే అది తీసి బిగించుకోమన్నాడు. అన్నీ పట్టాయి! మనం మెట్రాలజీలో బట్టీ పట్టే ఇంటర్‌చేంజబిలిటీ చాప్టర్‌కి అదొక పుట్టుక.

ఇక అసలు రైఫిల్. అమెరికాలో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం రోచెస్టర్‌లో 1965లో థాంప్సన్ సెంటర్ అనే కంపెనీ మొదలైంది. ప్రెసిషన్ కాస్టింగ్ చేసే ఒక ఫ్యాక్టరీ, వారెన్ సెంటర్ అనే గన్ డిజైనర్ కలిసి పెట్టింది. 1967లో వాళ్లు కంటెండర్ అనే పిస్టల్ తెచ్చారు. ఫ్రేమ్ ఒకటే, గొట్టాలు ఎన్నో. తర్వాత అదే ఆలోచనతో ఇంకా గట్టి ఫ్రేమ్ ఉన్న ఎన్‌కోర్ వచ్చింది. దానికి తూటా గొట్టాలతో పాటు .50 క్యాలిబర్ మజిల్ లోడర్ గొట్టం కూడా దొరికేది, స్టెయిన్‌లెస్ స్టీల్‌లో. ఎవరికి కావాలి ఇదంతా? అక్కడ చాలా రాష్ట్రాల్లో వేటకి రకరకాల సీజన్లుంటాయి. మామూలు రైఫిల్‌కి ఒకటి, మజిల్ లోడర్‌కి ప్రత్యేకంగా ఇంకొకటి. రెండు తుపాకులు కొనేబదులు గొట్టం మారిస్తే సరిపోతుంది.

మార్చడం మన సైకిల్ చక్రం తీసినంత సులువు. తుపాకీ ఖాళీగా ఉందని చూసుకుని, గొట్టం కింది చెక్క విప్పి, మడత దగ్గరున్న ఒక్క పిన్ను బయటకి నెడితే గొట్టం ఊడొస్తుంది. కొత్తది పెట్టి పిన్ను తోసి చెక్క బిగిస్తే అయిపోయింది.

మరి గురి? ఇక్కడే ఆ డిజైన్‌లో నాకు బాగా నచ్చిన సంగతి ఉంది.

పిన్ను నుంచి గొట్టం వెనక అంచుదాకా 50 మిల్లీమీటర్లు అనుకుందాం. మార్చిన ప్రతిసారీ గొట్టం కూర్చోవడంలో 0.05 మిల్లీమీటర్ తేడా వచ్చిందనుకోండి, అంటే వెంట్రుక మందమంత. కోణం 0.001 రేడియన్. వంద మీటర్ల దూరంలో అది 10 సెంటీమీటర్ల తేడా! స్కోప్‌ని ఫ్రేమ్ మీద బిగిస్తే గొట్టం మార్చిన ప్రతిసారీ గురి మొదటినుంచి సరిచేసుకోవాల్సిందే. టాలరెన్స్ ఎంత బిగించినా ఈ పోరు తప్పదు, ఖర్చు మాత్రం పెరుగుతుంది. వాళ్లేం చేశారంటే స్కోప్‌ని గొట్టం మీదే బిగించారు. ఇప్పుడు ఫ్రేమ్‌లో గొట్టం కాస్త వంగి కూర్చున్నా గురి చూసే గీత, గుండు వెళ్లే గీత రెండూ కలిసే వంగుతాయి. వాటి మధ్య తేడా మారదు. కాల్చేవాడు తెలియకుండానే భుజం సర్దుకుంటాడు, అంతే. టాలరెన్స్‌ని గెలవలేకపోతే డేటమ్‌నే మార్చెయ్యడం అన్నమాట.

అందుకే సెటప్ అంటే ఫ్రేమ్‌కి కాదు, ఒక్కో గొట్టానికి విడివిడిగా చేసేది. దాని స్కోప్ దానికే, దాని జీరో దానికే. కడ్డీ కూడా అంతే. ఖాళీ గొట్టంలో కడ్డీ ఎంతవరకు దిగుతుందో ఒక గీత, మందూ గుండూ సరిగ్గా దిగాక ఎంతవరకో ఇంకో గీత పెట్టుకుంటారు. గొట్టం పొడవు మారితే గీతలూ మారతాయి. చూడ్డానికి చిన్న పనే, కానీ ప్రాణం కాపాడేది అదే. మొదటి గీత లోపల పాత మందు మిగిలిందేమో చెబుతుంది. రెండోది గుండు మధ్యలో ఆగిందేమో చెబుతుంది. మందుకీ గుండుకీ మధ్య ఖాళీ మిగిలితే గొట్టం పగలొచ్చు.

స్టెయిన్‌లెస్ ఎందుకంటే, నల్లమందు కాలాక మిగిలే మసిలో పొటాషియం లవణాలుంటాయి. అవి గాల్లో తేమ పీల్చుకుంటాయి. మామూలు ఉక్కు మన జులై వానల్లో ఒక్క రాత్రికే తుప్పు పడుతుంది. అయితే మన క్యాంటీన్ గ్లాసుల 304 గ్రేడ్ కాదిది. సాధారణంగా గొట్టాలకి వాడేది 416, మార్టెన్‌సిటిక్ రకం. హీట్ ట్రీట్‌మెంట్‌తో గట్టిపడుతుంది, సల్ఫర్ కలపడం వల్ల చక్కగా మెషిన్ అవుతుంది, అయస్కాంతానికి అంటుకుంటుంది. తుప్పు విషయంలో మాత్రం 304 కంటే వెనకే. కాబట్టి స్టెయిన్‌లెస్ కదా అని కడక్కుండా పెడితే దానికీ గుంటలు పడతాయి. నల్లమందుకి బదులు వాడే కొన్ని మందుల్లో పెర్‌క్లోరేట్ ఉంటుంది, అది వదిలే క్లోరైడ్ స్టెయిన్‌లెస్‌కి బద్ధ శత్రువు. వెనక మూత, అంటే బ్రీచ్ ప్లగ్, కూడా అదే లోహమైతే మరలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. గాలింగ్ అని చదివాం కదా. అందుకే మరలకి యాంటీ సీజ్ గ్రీజు రాస్తారు, వాడిన ప్రతిసారీ విప్పి కడుగుతారు. పొగరాని మందు మాత్రం ఈ గొట్టంలో పొయ్యకూడదు. దాని ప్రెజర్ వేరే లెక్క.

ప్రెజర్ అన్నాం కాబట్టి నాటు తుపాకీ సంగతి. ఏజెన్సీ ఊళ్లల్లో నాటు తుపాకీ పేలి ప్రాణం పోయిందన్న వార్త మన పేపర్లలో కొత్త కాదు. ఎస్‌ఓఎమ్‌లో లామే ఈక్వేషన్ తీయండి. బయటి వ్యాసార్థం లోపలిదానికి రెట్టింపు ఉంటే లోపలి గోడ మీద హూప్ స్ట్రెస్ ప్రెజర్‌కి 1.67 రెట్లు. 1.2 రెట్లే ఉంటే అది ఐదున్నర రెట్లు! గోడ ఎంత మందం పెంచినా ప్రెజర్ కంటే కిందకి మాత్రం రాదు. దానికి తోడు మామూలు పైపు చాలావరకు రేకుని చుట్టి అతికించిందే, పొడుగునా ఒక వెల్డింగ్ గీత ఉంటుంది. హూప్ స్ట్రెస్ లాగేది సరిగ్గా ఆ గీతని విడదీసే దిశలోనే. నాచారం పక్కనే మౌలాలి దాటితే ఎన్‌ఎఫ్‌సీ, 1971లో పెట్టిన న్యూక్లియర్ ఫ్యుయల్ కాంప్లెక్స్ ఉంది. అక్కడ అతుకు లేని స్టెయిన్‌లెస్ గొట్టాలు తయారవుతాయి. అతుకు లేకుండా చెయ్యడానికి అంత పెద్ద ఫ్యాక్టరీ ఎందుకో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది.

ఇప్పుడు మా రూమ్‌మేట్ ప్రాజెక్ట్. అమెరికా చట్టం దృష్టిలో ఎన్‌కోర్‌కి ఫ్రేమే తుపాకీ, నంబరు ఉండేది దాని మీదే. గొట్టం ఒక విడిభాగం మాత్రమే. దాంతో అక్కడ విచిత్రమైన పేచీలొచ్చాయి. కంటెండర్ పిస్టల్, భుజానికి ఆనించే చెక్క, 21 అంగుళాల గొట్టం కలిపి ఒక కిట్‌గా అమ్మితే, పొట్టి గొట్టానికి ఆ చెక్క తగిలిస్తే అది ప్రత్యేక పన్ను పడే రకం రైఫిల్ అవుతుంది కదా అని ప్రభుత్వం 200 డాలర్ల పన్ను అడిగింది. కేసు సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. 1992లో కంపెనీయే గెలిచింది.

మన దగ్గర ఆ వాదనకి చోటే లేదు. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 2లో ఫైర్ఆర్మ్ నిర్వచనం కిందే దాని భాగాలు, వాటిని తయారుచేసే యంత్రాలు కూడా వస్తాయి. అంటే గొట్టం ఒక్కటే ఉన్నా చట్టానికి అది తుపాకీయే. పాతకాలం రకం కదా అన్నా కుదరదు, మినహాయింపు పేల్చడానికి పనికిరాని పురాతన వస్తువులకే. లైసెన్స్ లేకుండా తయారుచేస్తే, 2019 సవరణ తర్వాత కనీసం ఏడేళ్ల జైలు, యావజ్జీవందాకా పడొచ్చు. "ఏదో పైపు అన్నా, కాస్త బోర్ కొట్టివ్వు" అని తీసుకెళ్లే డ్రాయింగ్‌తో ఇరుక్కునేది మనం ఒక్కళ్లమే కాదు, రోజుకూలికి లేత్ మీద నిలబడ్డ ఆ అన్న కూడా. ఆయన "దేంట్ల కూసుంటది" అని అడిగితే అబద్ధం చెప్పకండి.

వాడికి నేను చెప్పిన ప్రత్యామ్నాయం ఇది: ఒక లేజర్ మాడ్యూల్‌ని మడత పిన్నున్న హోల్డర్‌లో పెట్టు. పది మీటర్ల దూరంలో గోడ మీద గ్రాఫ్ పేపర్ అంటించు. ముప్పై సార్లు తీసి పెట్టి చుక్క ఎక్కడ పడిందో రాసుకో. 50 మిల్లీమీటర్లకి 0.05 తేడా ఉంటే చుక్క 10 మిల్లీమీటర్లు జరగాలి. తర్వాత గురి చూసే చిన్న గొట్టాన్ని ఒకసారి హోల్డర్ మీద, ఒకసారి లేజర్ మీద బిగించి రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టు. హోల్డర్ తిప్పించడానికి వాడు వచ్చే శనివారం నాచారం వెళ్తున్నాడు. డ్రాయింగ్‌లో రెండో ముక్క కొలత కూడా వేశాడు.