ఉబ్బెత్తు అల్లిక - లెక్కకు రాని శ్రమ: క్రోషే కుషన్ కవరు నిర్మాణ, పదజాల పరిశీలన

వ్యాససంగ్రహం:
పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం పరిసరాల్లో స్త్రీలు తరతరాలుగా చేస్తున్న క్రోషే లేసు పని ప్రపంచ విపణికి చేరింది. అయితే ఆ పని నిర్మాణాన్ని తెలుగులో వివరించే ప్రయత్నాలకు ఇంకా చాలా అవకాశం ఉంది. ఉబ్బెత్తు బుడిపెలు గల ఒక కుషన్ కవరును ఉదాహరణగా తీసుకొని అల్లిక స్వరూపాన్ని, దాని లెక్కను, పదజాల సమస్యను ఈ వ్యాసం వివరిస్తుంది. అల్లిక నిర్మాణానికీ, ఆ శ్రమను ‘తీరిక పని’గా చూసే దృష్టికీ గల సంబంధాన్ని పరిశీలిస్తుంది.

కీలకపదాలు: క్రోషే, లేసు, అల్లిక, బుడిపె, వృత్తిపదజాలం, నరసాపురం, స్త్రీ శ్రమ.

1. ప్రవేశిక:

తెలుగులో ‘అల్లు’ అనే క్రియకు విస్తృతమైన వాడుక ఉంది. జడ అల్లుతారు, బుట్ట అల్లుతారు, చాప అల్లుతారు, కథ అల్లుతారు. తీగ పందిరికి అల్లుకొంటుంది. ఈ ప్రయోగాలన్నింటిలోనూ విడివిడిగా ఉన్నదాన్ని లేదా సాగిపోయేదాన్ని ఒక పద్ధతిలో పెనవేసి రూపం కల్పించడమనే అర్థం కనిపిస్తుంది. కొక్కెం సూదితో దారాన్ని మెలికలుగా లాగి వస్త్రరూపం తెచ్చే క్రోషే పనికీ తెలుగువారు ఈ క్రియనే వాడడం సహజం. ‘క్రోషే’ ఫ్రెంచి పదం. దాని అర్థం చిన్న కొక్కెం. పరాయి భాష పనిముట్టును బట్టి పేరు పెట్టగా, తెలుగు చేసే క్రియను బట్టి పేరు పెట్టింది.

ఇంట్లో సోఫా మీద కనిపించే కుషన్ కవరు సామాన్యమైన వస్తువు. దాని పైభాగంలో వరుసలుగా ఉబికి వచ్చిన బుడిపెలను చూసినవారు అది అలంకారమని భావిస్తారు. ఆ అలంకారం ఎలా ఏర్పడుతుంది? దానికి ఎంత పని అదనంగా పడుతుంది? ఆ పనిని మాటల్లో చెప్పడానికి తెలుగులో ఏ పదాలు పనికివస్తాయి? ఈ మూడు ప్రశ్నలే ప్రస్తుత పరిశీలనకు ఆధారం.

2. నరసాపురం నేపథ్యం:

వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉన్న నరసాపురానికి వస్త్రవ్యాపారంతో పాత సంబంధం ఉంది. దానికి సమీపంలోని మాధవాయిపాలెంలో ఈస్టిండియా కంపెనీ వర్తకస్థావరం ఉండేది. ఆ ఊరి పేరే ఆంగ్లంలో ‘మడపొల్లం’గా మారి ఒక రకం నూలు బట్టకు పేరయింది. అది మగ్గం మీద నేసిన బట్ట. లేసు పని ఆ తరువాతి కాలానిది. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా గోదావరి ప్రాంత స్త్రీలకు ఈ విద్య అందింది. క్రమంగా అది పరిసర గ్రామాలకు విస్తరించి, ఎగుమతి వ్యాపారంగా మారింది. దుప్పట్లు, బల్లగుడ్డలు, కుషన్ కవర్లు, దుస్తుల అంచులు విదేశాలకు వెళ్ళాయి. 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక సూచిక గుర్తింపు లభించింది.

ఈ పరిశ్రమను అంతర్జాతీయ విద్యాలోకానికి పరిచయం చేసిన గ్రంథం జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ రచించిన ‘ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ (1982). ఇళ్ళలో కూర్చొని లేసు అల్లే స్త్రీలు ప్రపంచ విపణి కోసం ఉత్పత్తి చేస్తున్నా, వారిని శ్రామికులుగా కాక గృహిణులుగానే లెక్కించడాన్ని ఆమె విశ్లేషించారు. ఎగుమతిదారుకూ స్త్రీకీ మధ్య ఏజెంటు ఉండడం, ఒక్కొక్కరు వస్తువులోని ఒక భాగాన్నే అల్లడం, ఆ భాగాలను కలిపే అతుకుపని వేరొకరికి చేరడం ఈ వ్యవస్థ లక్షణాలు. దీనివల్ల అల్లిన స్త్రీకి పూర్తయిన వస్తువుతో గాని, దాని ధరతో గాని పరిచయం తక్కువ.

3. నేత, అల్లిక - నిర్మాణ భేదం:

నేతకు రెండు దారపు వరుసలు కావాలి. నిలువుగా పడుగు, అడ్డంగా పేక. వాటిని పట్టి ఉంచడానికి మగ్గం కావాలి. క్రోషేకు ఒక్క దారం, ఒక్క కొక్కెం సూది చాలు. సూది మీద ఉన్న మెలికలోనుంచి దారాన్ని లాగితే కొత్త మెలిక వస్తుంది. పాత మెలిక దాని కింద బిగుసుకొంటుంది. ఇక్కడ ఎక్కడా నిజమైన ముడి పడదు. చివరి మెలికను వదిలి దారం లాగితే, పని మొత్తం వరుస వెంట వరుసగా విడిపోతుంది.

రెండు సూదులతో ఉన్నిదుస్తులు అల్లే పద్ధతికీ క్రోషేకూ మరో ముఖ్యమైన భేదం ఉంది. అక్కడ ఒక వరుసలోని మెలికలన్నీ సూది మీద విప్పారి ఉంటాయి. సూది జారితే అనేక మెలికలు ఊడుతాయి. క్రోషేలో ఒక కుట్టు పూర్తయ్యాక సూది మీద మిగిలేది ఒకే ఒక మెలిక. అందువల్ల పనిని దాదాపు ఏ క్షణంలోనైనా ఆపి పక్కన పెట్టవచ్చు. పొయ్యి మీద అన్నం పొంగినా, ఉయ్యాలలో బిడ్డ ఏడ్చినా, వాకిట్లో ఎవరైనా పిలిచినా లేచి వెళ్ళి తిరిగి వచ్చి అక్కడినుంచే అందుకోవచ్చు.

ఈ సాంకేతిక లక్షణానికి సామాజిక ఫలితం ఉంది. ఇంటిపనుల నడుమ ఆపుతూ, అందుకొంటూ చేయగలిగిన పని కాబట్టి అది ‘తీరిక వేళ పని’ అనే పేరు తెచ్చుకొంది. నిజానికి తీరిక దొరికి చేసే పని కాదిది. తీరిక లేని రోజులో సందులు వెదికి చేసే పని. ఆపడానికి వీలుండడం, శ్రమ లేకపోవడం ఒకటి కావు.

4. పదజాల సమస్య:

క్రోషే నేర్పే ఆంగ్ల పుస్తకాల్లో ఒక చిక్కు ఉంది. అమెరికా పద్ధతిలో ‘సింగిల్ క్రోషే’ అనే కుట్టును బ్రిటిష్ పద్ధతిలో ‘డబుల్ క్రోషే’ అంటారు. అమెరికావారి ‘డబుల్’ బ్రిటిష్‌వారికి ‘ట్రెబుల్’. ఏ పద్ధతో తెలియకుండా సూచనలను అనుసరిస్తే వస్తువు ఎత్తు, ఆకారం మారిపోతాయి. ఆంగ్లపదాన్ని యథాతథంగా తెలుగులోకి తెచ్చుకొంటే ఈ సందిగ్ధత కూడా దానితోపాటే వస్తుంది.

కంటికి కనిపించే రూపాన్ని బట్టి పేరు పెడితే ఈ చిక్కు ఉండదు. ప్రస్తుత వ్యాసంలో వివరణ సౌలభ్యం కోసం నాలుగు పదాలను నియతార్థంలో వాడడం జరిగింది. మెలికలోనుంచి మెలిక లాగగా ఏర్పడేది ‘గొలుసు’. ఎత్తు తక్కువగా, దట్టంగా ఉండే కుట్టు (అమెరికా పద్ధతిలో సింగిల్) ‘పొట్టి కుట్టు’. దారాన్ని ముందుగా సూదికి ఒకసారి చుట్టి అల్లే పొడవైన కుట్టు (అమెరికా పద్ధతిలో డబుల్) ‘కాడ కుట్టు’. ఒకే చోట పుట్టిన అయిదు కాడలు పైన ఒకటిగా కలిసి ఉబికినది ‘బుడిపె’. ఇవి వ్యాసకల్పితాలు గాని వృత్తికారుల నుండి సేకరించినవి కావు. ఆ భేదాన్ని గుర్తుంచుకోవడం అవసరం.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం (1962) వ్యవసాయ పదాలను, రెండవ సంపుటం (1971) చేనేత పదాలను సేకరించింది. పనిచేసే చోటికి వెళ్ళి, పనిచేసేవారి నోటినుండి పదాన్ని గ్రహించడం ఆ పద్ధతిలోని బలం. లేసు పదజాలానికీ అదే పద్ధతి తగినది.

5. ఉబ్బెత్తు ఏర్పడే తీరు:

క్రోషేలో ఉబ్బెత్తు తేవడానికి అనేక మార్గాలున్నాయి. వాటిలో మూడు ప్రధానమైనవి. మొదటిది బుడిపె. ఒకే కుట్టులో అయిదు కాడ కుట్లు మొదలుపెట్టి, ప్రతి కాడలోనూ చివరి మెట్టు మిగిల్చి, ఆఖరున సూది మీద ఉన్న ఆరు మెలికలలోనుంచీ ఒకేసారి దారం లాగుతారు. రెండవది పాప్‌కార్న్ కుట్టు. ఇందులో అయిదు కాడలనూ పూర్తిగా అల్లి, సూదిని తీసి, మొదటి కాడ తలలో గుచ్చి, వదిలిన మెలికను దానిగుండా లాగుతారు. మూడవది కింది వరుసలోని కాడ తలలో కాక, దాని కాండం చుట్టూ సూది తిప్పి అల్లడం. దీనివల్ల నిలువు గట్లు, జడపాయల వంటి రూపాలు వస్తాయి.

బుడిపె ఉబకడానికి కారణం ఎత్తులలోని వ్యత్యాసం. కాడ కుట్టు పొట్టి కుట్టుకంటే పొడవైనది. దానికి రెండు పక్కలా పొట్టి కుట్లు ఉన్నప్పుడు వరుస ఎత్తు పొట్టి కుట్టు ఎత్తే అవుతుంది. కాడలకు నిలువుగా చోటు చాలక అవి వంగి బయటికి పొడుచుకొస్తాయి. అడుగునా పైనా ఒకే బిందువు వద్ద బిగించి ఉండడం వల్ల ఆ వంపు గుండ్రంగా నిలుస్తుంది. ఆ ఉబుకు అల్లేవారికి అవతలి వైపు వస్తుంది. అందుకే బుడిపెలను బట్ట వెనుకవైపు తనకు ఎదురుగా ఉన్న వరుసల్లోనే అల్లుతారు. అంటే అందం ఏర్పడుతున్నప్పుడు అది అల్లేవారి కంటికి కనిపించదు. బట్ట తిప్పితేనే తెలుస్తుంది.

6. కుషన్ కవరు - లెక్క, క్రమం:

40 సెం.మీ. చదరపు కుషన్‌కు కవరును 38 సెం.మీ. కొలతతో అల్లడం మంచిది. అల్లిక సాగే గుణం గలది కాబట్టి కొంచెం తక్కువ కొలత ఉంటే బిగువుగా కూర్చొంటుంది. మధ్యరకం నూలుదారం, 4 మి.మీ. సూది తీసుకొని ముందుగా ఒక నమూనా అల్లాలి. దాన్ని తడిపి ఆరబెట్టిన తరువాత కొలవాలి. 10 సెం.మీ.కు అడ్డంగా 16 కుట్లు, నిలువుగా 18 వరుసలు వచ్చాయనుకొంటే, 38 సెం.మీ.కు సుమారు 61 కుట్లు, 68 వరుసలు అవుతాయి. ఒక్కొక్కరి చేతి బిగువు ఒక్కో రకం. కనుక ఈ సంఖ్యలను ఎవరి నమూనాను బట్టి వారు సరిచూసుకోవాలి. నరసాపురం లేసులో వాడే సన్నని దారానికి, సన్నని సూదికి కుట్ల సంఖ్య ఇంతకంటే ఎక్కువ.

ముందుగా 62 గొలుసులు అల్లాలి. సూది నుండి రెండవ గొలుసులో మొదటి పొట్టి కుట్టు వేస్తే వరుసకు 61 కుట్లు వస్తాయి. ప్రతి వరుస చివరా మలుపు కోసం ఒక గొలుసు వేసి బట్టను తిప్పాలి. ఆ గొలుసును కుట్టుగా లెక్కించరు. మొదటి వరుసను ముందువైపుగా భావిస్తే సరిసంఖ్య వరుసలన్నీ వెనుకవైపువి. కాబట్టి 4వ వరుస నుండి 64వ వరుస దాకా ప్రతి నాలుగవ వరుసలోనూ బుడిపెలు వస్తాయి. అవి 16 వరుసలు.

4వ వరుసలో రెండు పొట్టి కుట్లు, ఒక బుడిపె, ఆపైన మూడు పొట్టి కుట్లకు ఒక బుడిపె చొప్పున అల్లి, చివర రెండు పొట్టి కుట్లతో ముగించాలి. దీనిలో 15 బుడిపెలు ఉంటాయి. 8వ వరుసలో రెండు చివరలా నాలుగేసి పొట్టి కుట్లు వదిలి, మధ్యలో అదే క్రమం పాటిస్తే 14 బుడిపెలు వస్తాయి. పై వరుస బుడిపె కింది వరుసలోని రెండు బుడిపెల నడుమ నిలుస్తుంది. ఈ రెండు క్రమాలూ మార్చి మార్చి వస్తాయి. మిగిలిన వరుసలన్నీ పొట్టి కుట్లే. ఎటునుంచి చదివినా వరుస ఒకే విధంగా ఉండేటట్లు సంఖ్యలు కుదిరాయి గనుక కుడి ఎడమల తికమక ఉండదు. మొత్తం బుడిపెలు 232.

వెనుకభాగానికి 61 కుట్ల వెడల్పు, 41 వరుసల ఎత్తుతో రెండు సాదా పలకలు అల్లాలి. ఒక్కొక్కటి సుమారు 23 సెం.మీ. ఎత్తు ఉంటుంది. ఒకదాని మీద ఒకటి 8 సెం.మీ. మేర వచ్చేటట్లు పరచి, ముందుపలకను బుడిపెలు పైకి కనిపించేటట్లు వాటిమీద ఉంచి, అన్ని పొరలగుండా అంచు చుట్టూ పొట్టి కుట్లు వేయాలి. మూలల్లో ఒకే చోట మూడు కుట్లు వేస్తే అంచు ముడుచుకోదు. గుండీలు లేకుండానే కుషన్‌ను లోపలికి తోయడానికి వెనుక నోరు ఏర్పడుతుంది.

7. లెక్కకు రాని శ్రమ:

ఈ ముందుపలకలో 61 కుట్ల చొప్పున 68 వరుసలకు 4,148 కుట్లు ఉన్నాయి. ఒక పొట్టి కుట్టుకు సూదితో దారాన్ని రెండుసార్లు లాగాలి. పలక అంతా సాదాగా అల్లితే 8,296 లాగుళ్ళు అవుతాయి. బుడిపెలో ఒక్కొక్క కాడకు రెండు చొప్పున పది, చివర అన్నింటినీ కలపడానికి ఒకటి, వెరసి 11 లాగుళ్ళు. సాదా కుట్లు 3,916కు 7,832, బుడిపెలు 232కు 2,552 కలిపితే 10,384. అంటే 2,088 లాగుళ్ళు అధికం. మలుపు గొలుసులను, ప్రతి కాడకూ ముందుగా దారం చుట్టడాన్ని ఈ లెక్కలో చేర్చలేదు.

కొలత మారలేదు. సాదా పలకైనా, బుడిపెల పలకైనా 38 సెం.మీ. చదరమే. పని మాత్రం నాలుగవ వంతు పెరిగింది. కూలిని వస్తువు సంఖ్యను బట్టి గాని, కొలతను బట్టి గాని నిర్ణయిస్తే ఆ నాలుగవ వంతు శ్రమకు విలువ దక్కదు. దారం బరువును బట్టి నిర్ణయిస్తే కొంతవరకు దక్కుతుంది. అయినా అప్పుడు కూడా లెక్కకు రానిది మరొకటి ఉంది. బుడిపెల వరుసలో ప్రతి కుట్టునూ మనసులో లెక్కపెట్టుకోవాలి. మూడు పొట్టి కుట్లు, ఒక బుడిపె. ఆ బుడిపెలో అయిదు కాడలు. మధ్యలో లేచి వెళ్ళి వస్తే లెక్క తప్పుతుంది. ఒక్క కుట్టు తప్పితే ఆ వరుస విప్పాలి. సాదా అల్లికను ‘ఎప్పుడైనా ఆపగల పని’ అనడానికి వీలుందేమో గాని, ఉబ్బెత్తు అల్లిక విషయంలో ఆ మాట కూడా నిలవదు. ‘తీరిక పని’ అనే వ్యవహారం ఇక్కడ నిర్మాణరీత్యానే వీగిపోతుంది.

8. ముగింపు:

ఒకే దారం, ఒకే మెలిక అనే నిర్మాణ లక్షణం వల్ల క్రోషే ఇంటిపనుల నడుమ ఇమిడింది. ఆ ఇమడడమే దాన్ని శ్రమగా గుర్తించకపోవడానికి ఒక సాకుగా మారింది. కుట్టు స్థాయిలో లెక్కిస్తే ఒకే కొలత గల రెండు వస్తువుల్లో ఎంత భేదమున్న శ్రమ దాగి ఉందో స్పష్టమవుతుంది. ఈ లెక్క కట్టడానికి పెద్ద పరికరాలు అక్కరలేదు. కుట్టుకు పేరు, పేరుకు నిర్వచనం, నిర్వచనానికి సంఖ్య ఉంటే చాలు.

భౌగోళిక సూచిక వస్తువు పేరును, పుట్టిన చోటును కాపాడుతుంది. అల్లే చేతికి తెలిసిన పదాలను కాపాడవలసింది భాషాధ్యయనమే. గోదావరి తీర గ్రామాల్లో లేసు అల్లే స్త్రీలు ఒక్కొక్క కుట్టును, పువ్వును, అతుకును, దారం మందాన్ని, పనిలోని తప్పును ఏ మాటతో పిలుస్తారో క్షేత్రపర్యటనల ద్వారా సేకరించడం తెలుగు శాఖల పరిశోధకుల ముందున్న తక్షణ కర్తవ్యం. ఆ సేకరణ జరిగిననాడు ఈ వ్యాసంలో వాడిన కల్పితపదాలు పక్కకు తప్పుకొని, పనిచేసేవారి పదాలకు చోటివ్వాలి.