దాపటెద్దు కాలు

మా దాపటెద్దు మొదట్లో కుంటలేదు. పొద్దున్నే కొట్టంలోంచి బయటికి తోలుకొస్తుంటే పది అడుగులు బిగుసుకుపోయినట్టు వేసేది, చెరువుకట్ట దాకా పోయేసరికి మామూలైపోయేది. పడుకున్నది లేచేటప్పుడు వెనక ఎడంకాలు చాచి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు బరువు మోపేది. నేను బద్ధకం అనుకున్నా. అదిలించాను కూడా. రెండు నెలలు అట్లా గడిచిపోయినాయి. ఆ రెండు నెలలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు.

మాది వరికుంటపాడు మండలం. ఎర్రనేల, గులకరాళ్లు, వాన మీద ఆధారపడ్డ పైర్లు. ఎల్ల దాటితే పామూరు. 1970లో ప్రకాశం జిల్లా పుట్టేదాకా కనిగిరి, కందుకూరు తాలూకాలు మా నెల్లూరులోనే ఉండేవి. ఒంగోలు జాతిని ఇంగ్లీషువాళ్ల కాలంలో నెల్లూరు పశువులని కూడా పిలిచేవాళ్లు, బ్రెజిల్‌లో ఇప్పటికీ వాటి పేరు ‘నెలోర్’. ఇంత పేరున్న జాతికి మా వైపు పెద్ద పరీక్ష బండలాగుడు. సంక్రాంతికి, శివరాత్రికి, తిరునాళ్లకు పందెం పెడతారు. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని వయసును బట్టి విభాగాలు. గడువులోగా బండను ఎన్ని అడుగులు లాగితే అంత గొప్ప. మా నాయన కాలం నుంచి మా ఇంట్లో పందెం జత ఉంది.

ఆ ఏడు తిరునాళ్లలో మా జత మధ్యలో ఆగిపోయింది. దాపటెద్దు వెనక కాలు నేల మీద సరిగా ఆనించడంలేదు. పక్కన నిలబడ్డ ఒకాయన సూది తీసి, “ఇది వేస్తే పరిగెత్తుద్ది, రేపటి పందెం కూడా కట్టుకో” అన్నాడు. నేను వేయించాను. మరుసటి రోజు నిజంగానే లాగింది. మూడోరోజు లేవలేదు.

అప్పుడు పశువుల డాక్టరమ్మ వచ్చింది. ఎద్దును లేపించి, ముందు దాని వెనక నిలబడి రెండు కాళ్లూ పోల్చి చూసింది. వెనక కాలికి మధ్యలో, వెనక్కి పొడుచుకొచ్చినట్టుండే కీలును చేత్తో తడిమింది. దాన్ని మనం మోకాలంటాం గానీ, అది మన చీలమండకు సరిజోడు. డాక్టర్ల భాషలో హాక్. లోపలివైపు గట్టిగా, ఎముక పొంగినట్టుంది. నా చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టించింది. తరవాత ఆ కాలు మడిచి ఒక నిమిషం ఎత్తిపట్టించి, వదిలీ వదలగానే నడిపించమంది. ఊరంతా చూసేట్టు కుంటింది.

“ఇది గుర్రాలకు చేసే పరీక్ష పెద్దాయనా. ఎత్తు దూకే గుర్రాలకు ఈ కీలు అరుగుదల ఎక్కువ” అంది. నాకు ఆశ్చర్యం వేసింది. దూకే గుర్రం ఎక్కడ, బండ లాగే ఎద్దు ఎక్కడ! ఆలోచిస్తే రెంటి పనీ ఒకటే. గుర్రం గాల్లోకి లేవాలంటే ఒళ్లంతా వెనక కాళ్ల మీద కూడదీసుకుని ఒక్క తోపుతో తన్నాలి. ఎద్దు బండను కదిలించాలన్నా అంతే. పైగా కదలని బండను కదిలించడానికి పట్టే బలం, కదులుతున్న బండను లాగడానికి పట్టేదానికన్నా ఎక్కువ. ఆ మొదటి కుదుపంతా సగం మడిచిన ఆ కీలు మీదే పడుద్ది. ఇంక బాట చివర మలుపుంది. ఎడమకు తిప్పితే, ఎడమవైపు కట్టే దాపటెద్దు లోపలివైపు ఉంటుంది. బయటి ఎద్దు తిరిగొచ్చేదాకా వెనక కాలు నేలలో నాటుకుని మెలి తిరుగుద్ది. మేం ఎప్పుడూ ఎడమకే తిప్పేవాళ్లం. దాని కాలు చెడింది అక్కడేనని నా అనుమానం.

హాక్ అంటే ఒకే కీలు కాదని అప్పుడే తెలిసింది. పైనుండేది బాగా మడిచే కీలు, దాని కింద చిన్న ఎముకల వరసల మధ్య పెద్దగా కదలని కీళ్లు. అరుగుదల ఎక్కువగా వచ్చేది ఈ కింది వాటికే. ఎముకల మీదుండే మెత్తటి పొర అరిగిపోద్ది, అంచుల్లో కొత్త ఎముక మొలుస్తుంది. అరిగిన పొర తిరిగి రాదు. ఒక్కటే ఊరట: ఆ కింది కీళ్లు కొన్నేళ్లకు పూర్తిగా అతుక్కుపోతే నొప్పి తగ్గిపోవచ్చు. ఎందుకంటే వాటి పని కదలడం కన్నా బరువు మోయడమే. “నయం చేస్తానని చెప్పను, బాగా బతకనిద్దాం” అంది డాక్టరమ్మ. ఆ మాట ముందు నాకు చేదుగా అనిపించింది.

మా నాయనైతే వాతలు పెట్టించేవాడు. కాలిన ఇనపకడ్డీతో కీలు చుట్టూ గీతలు. గుర్రాలకు పడమటి దేశాల్లోనూ చాలాకాలం అట్లాగే కాల్చారట. కాల్చినందువల్ల కీలు బాగుపడినట్టు రుజువు లేదు. కాల్చిన తరవాత ఇచ్చే విశ్రాంతే పనిచేసేదేమో. వావిలాకు వేడిచేసి కట్టడం మాత్రం డాక్టరమ్మ వద్దనలేదు, వెచ్చదనం బిగుతును సడలిస్తుందంది.

మందుల దగ్గర ఒక మాట పట్టుబట్టి చెప్పాలి. ఆ సూదిలో ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు. నొప్పి పోయిందేగానీ కీలు బాగుపడలేదు. నొప్పి తెలియని ఎద్దు చెడిన కీలు మీదే బలమంతా పెట్టింది. కీలు లోపలికి వేసే స్టెరాయిడ్ సూదులు కూడా వాపును కొన్ని వారాలో నెలలో తగ్గిస్తాయి, మాటిమాటికీ వేస్తే ఉన్న పొరను తినేస్తాయి. శుభ్రత తప్పితే కీలు చీముపడుద్ది. నొప్పి మందుల్లో డైక్లోఫెనాక్‌ను పశువులకు వాడకూడదని 2006లోనే ఆపారు. ఆ మందు ఒంట్లో ఉన్న కళేబరం తిని రాబందులు మూత్రపిండాలు చెడి చచ్చిపోయినాయి. 2023లో కీటోప్రొఫెన్, ఏసిక్లోఫెనాక్ కూడా ఆపారు. మా ఎద్దుకు ఇచ్చేది మెలాక్సికామ్, అదీ చెప్పిన రోజులే. రాబందులకు దానివల్ల చేటు లేదు.

అసలు వైద్యమంతా కొట్టంలోనే జరిగింది. పందెం ఎద్దని ఉలవలు, గుడ్లు దట్టించి పెంచాం. ఆ బరువంతా మోసేది ఆ కాలే. ఉలవలు సగానికి తగ్గించి, జొన్నచొప్ప పెంచాం. ఆరు నెలల్లో ఛాతీ చుట్టుకొలత రెండు అంగుళాలు తగ్గింది. కొట్టంలో బండలు పరిచి గొప్పగా ఉందనుకున్నా. అవి పీకించి మట్టి కొట్టి, పైన వాగు ఇసుక జానెడు పోశాం. ఆ రాత్రి ఎద్దు పడుకున్న తీరు చూసి మా ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. గిట్టలు ముందుకు పెరిగితే అడుగు తీసేటప్పుడు కీలు మీద భారం ఎక్కువవుద్ది, అందుకని రెండు నెలలకోసారి చెక్కించి, ముందు అంచు పొట్టిగా ఉంచుతాం. కట్టేసి ఉంచకూడదు, పరిగెత్తించకూడదు. పొద్దునా సాయంత్రమూ మెత్తటి దారిలో నెమ్మదిగా నడవాలి. మొదటి పావుగంట దాన్ని తొందరపెట్టను. మలుపుల్లో పెద్ద చుట్టు తిప్పుతాను.

గుర్రాల పెద్ద పోటీల్లో ముందుగా ప్రతి గుర్రాన్నీ డాక్టర్ల ఎదుట నడిపించి, పరిగెత్తించి చూపాలట. కుంటితే పోటీకి దిగనివ్వరు. నొప్పి మందు వాడారేమోనని రక్తం, మూత్రం కూడా పరీక్షిస్తారు. మన బండలాగుడుకూ ఇది కావాలి. నిర్వాహకులు పళ్లు చూసి విభాగం తేలుస్తున్నారు కదా, అదే చేత్తో నాలుగు కాళ్లూ చూడలేరా? ఒక డాక్టరును కూర్చోబెట్టడానికయ్యే ఖర్చు బహుమతి డబ్బుల ముందు ఎంత?

మొన్న మా పక్కింటి పిల్లోడు కొత్తగా కొన్న గిత్తను తెచ్చి చూపించాడు. ఇంకా రెండు పళ్లే. మంచి మూపురం, మంచి రంగు. నేను వెనక్కి పోయి కాళ్లు చూశాను. కర్రలు పాతినట్టు నిటారుగా ఉన్నాయి. అట్లాంటి కాలికి కీలు దగ్గర ఒదుగు తక్కువ, దెబ్బంతా నేరుగా తగులుద్ది. “ఈ సంక్రాంతికి కడతా పెదనాయనా” అన్నాడు. వాణ్ని మా కొట్టంలోకి తీసుకుపోయాను. దాపటెద్దు ఇసుకలో పడుకుని నెమరేస్తోంది. వాడి చెయ్యి పట్టుకుని, ఎడంకాలి లోపలివైపు ఆ గట్టి ఎముక మీద పెట్టించాను.