మాట్లాడే టవరే మనల్ని చూస్తే?

వికారాబాద్ దామగుండం అడవిల నేవీ కేంద్రానికి 2024 అక్టోబర్ 15న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ శంకుస్థాపన జేసిండు. మనోళ్లంత దాన్ని 'రాడార్ స్టేషన్' అంటరు. కానీ అది రాడార్ కాదు. రాడార్ చూస్తది, గిది మాట్లాడుతది. 3 నుంచి 30 కిలోహెర్ట్జ్ నడుమనుండే వీఎల్ఎఫ్ తరంగాలు సముద్రపు నీళ్లల్ల కొంత లోతు దాక పోతయి. గందుకే మునిగున్న జలాంతర్గాములకు వాటితోని కబురు పంపుతరు.

ఇన్నేండ్లు చూసేటిది వేరు, మాట్లాడేటిది వేరు. ఇగ 6జీల రెండూ ఒక్కటైతయట. 2023ల అంతర్జాతీయ టెలికం సంఘం 6జీకి గీసిన నక్షల గీ ముచ్చట కూడ ఉన్నది.

ఎట్లంటే, బాయిల కేకేస్తే మన గొంతే మనకు తిరిగొస్తది కదా, గట్లనే. రేడియో తరంగం సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు ఉరుకుతది. టవర్ నుంచి పోయి, దేనికన్న తాకి, సెకన్ల పది లక్షల వంతుల తిరిగొచ్చిందంటే గా వస్తువు 150 మీటర్ల దూరంల ఉన్నట్టు. వచ్చిన తరంగం ఫ్రీక్వెన్సీ మారితే అది కదులుతున్నట్టు. గదే తరంగం మీద మన వాట్సాప్ మెసేజ్ కూడ పోతది.

లాభం లేదనలేం. జనగామ కాడి హైవే మీద పొగమంచుల ఆగిన లారీని ముందే పసిగట్టొచ్చు. దొంగతనంగ వచ్చే డ్రోన్‌ను పట్టొచ్చు.

కానీ ఒక తిరకాసున్నది. దేన్నన్న చూడాల్నంటే తరంగాన్ని దాని మీదికే కొట్టాలె. గా తరంగంల మన మెసేజ్ కూడ ఉంటది. చూసేది దొంగనైతే, మన మాట మనమే వాని చేతుల వెట్టినట్టు. గందుకే మెసేజ్‌కు గట్టి తాళం ఏసుడు, దొంగ దిక్కు ఉత్త రొద కలిపి పంపుడు అసొంటి ఉపాయాల మీద శాస్త్రవేత్తలు పనిజేస్తున్నరు.

తాళం ఏస్తే మాట దాగుతది. మరి మనిషి? ఇయ్యాల ఫోన్ ఇంట్ల పెట్టి పోతే టవర్‌కు మనం కనవడం. రేపు ఫోన్ లేకున్నా, మన ఒంటికి తాకి తిరిగొచ్చే తరంగమే మన జాడ జెప్పొచ్చు. 2023ల డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టమైతే వచ్చింది. కానీ దాంట్ల సర్కారు సంస్థలకు మినహాయింపు ఇచ్చే సందు కూడ పెట్టిండ్రు.

నర్మెట్టల కొత్త టవర్ పడితే సిగ్నల్ ఎన్ని గీతలొస్తదనే అడుగుతం. రేపు 6జీ టవర్ పడిననాడు ఇంకో మాట కూడ అడుగాలె తమ్మీ: గిది ఏం చూస్తది? చూసింది ఎన్ని దినాలు దాస్తరు? ఎవలకిస్తరు? టవర్ లేశినంక అడిగితే లాభం లేదు, రూల్స్ రాసేటప్పుడే అడుగాలె.